ఏడో మీట

నారు పోసి 2వ రోజు. ఉప్పు 430.

పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా గిటారు వాయించాను. పదహారు గొట్టాల్లో పదిహేను దులిపాను. ఏడో గొట్టం మీట కిందికే ఉంది. కారణం: తుప్పు.

ఈ నీటి పుస్తకంలో నీటి సంగతులు మాత్రమే రాయాలని నియమం. పాతికేళ్ళ కిందట ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి, తప్పే హక్కు కూడా నాకే ఉందనుకుంటాను.

తొట్టి నీళ్ళలో ఉప్పు నాలుగు వందల ముప్ఫై అంటే భయపడాల్సిందేమీ లేదు. మనుషులు వెయ్యి దాకా తాగుతారు, గొణుక్కుంటూ. నారు గొణగదు. తొమ్మిది వందలు దాటితే కొసలు మాడి, మూడు రోజుల్లో వేరుతో సహా పోతుంది. ఊరు మునిగాక మేం కాపురముంటున్న ఈ తెప్ప మీద ఏడాదికి ఒక్కసారే నారు పోస్తాం. పోసేది నా మనవరాలు హేల. మా అమ్మాయి కూతురు, పెళ్ళయి పన్నెండో ఇంటికి వెళ్ళింది. ఉప్పుగాలికి ఓర్చే వరి విత్తనం మూడేళ్ళ కిందట పిడికెడు సంపాదించి, దాన్ని పెంచి పెంచి ఈ ఏడు రెండు తట్టలు చేసింది. ఆ రెండు తట్టలూ ఇప్పుడు మడిలో ఉన్నాయి. ఒక్క గింజ కూడా వెనక దాచుకోలేదు.

"అంతా ఒక్కసారే పోసేశావేమే" అని అడిగాను.

"నీళ్ళు నీ చేతిలో ఉన్నాయిగా అమ్మమ్మా. నాకేం భయం" అంది.

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. ఆ సామెత కట్టినవాడికి రెండు పనులూ ఒక్కడే చేస్తాడన్న ధీమా ఉండి ఉంటుంది. మా దగ్గర నారు పోసేది ఒకరు, నీరు పోసేది ఇంకొకరు. ఆ ఇంకొకరికి డెబ్బై నాలుగేళ్ళు.

నారు పోసి 4వ రోజు. ఉప్పు 470.

గిటారు మూడో తీగ తెగింది. విడి తీగలు అయిపోయి నాలుగేళ్ళయింది. సైకిలు బ్రేకు కేబులు పాయలు విప్పి ఒక పోగు లాగి బిగించాను. తెప్ప మీద సైకిలు తొక్కేంత దారి లేదు కాబట్టి బ్రేకు లేదని ఎవరూ ఏడవరు.

నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ళ కోసం కాస్త వివరంగా రాసిపెట్టడం మంచిది. సముద్రపు నీళ్ళు పదహారు గొట్టాల్లోంచి తొట్టిలోకి వస్తాయి. ప్రతి గొట్టంలోనూ ఒక పొర ఉంటుంది. అది నీళ్ళను వదిలి ఉప్పును ఆపుతుంది. ఆగిన ఉప్పు పొర మీద పెచ్చు కడుతుంది. దాన్ని రోజూ దులపాలి. దులపకపోతే ఆ గొట్టం మూసుకుపోయి, దాని బరువు పక్కవాటి మీద పడి, ఉప్పు జారి తొట్టిలోకి దిగుతుంది. దులపడానికి ఒక యంత్రం తెప్పతో పాటే వచ్చింది. ఆరో ఏట చచ్చింది.

అప్పుడు మా ఆడపడుచు తాయారు అటక మీది గోనెపట్టాల మూటలు విప్పింది. ఊరు మునిగిన రోజున బియ్యం అనుకుని ఎవరో పడవలోకి ఎక్కించినవి అవి. విప్పితే పెళ్ళి ఆర్కెస్ట్రా సామాను. ఆ మూటలు మోసినవాడు బతికినంత కాలం ఎవరి ముందూ తలెత్తలేదు. వాటిలో ఒక ఎలక్ట్రిక్ గిటారు, కాలితో నొక్కే ఒక ఫిల్టర్ పెడల్ ఉన్నాయి. గిటారు నాకు వచ్చు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో వార్షికోత్సవాలకు వాయించి, ప్రిన్సిపాలు చేత మెమో కూడా తీసుకున్నాను. పెడల్ సంగతి తాయారు చూసుకుంది. విప్పి, అతికి, దాని వైరు తీసుకుపోయి గొట్టాల కింది ఇనుప పలకకు బిగించింది.

పెడల్ చేసే పని ఒక జల్లెడ పని. గిటారు తీగ ఒక్కసారి మోగితే అందులో బొంగురు నాదం నుంచి కీచు నాదం దాకా అన్నీ కలిసే ఉంటాయి. పెడల్ ఒక్కో క్షణం ఒక్కో పట్టీని మాత్రం బయటికి వదిలి మిగతాది ఆపేస్తుంది. ఏ క్షణంలో ఏ పట్టీ వదలాలో చెప్పడానికి పైన పదహారు మీటలున్నాయి. మీట పూర్తిగా కిందికి ఉంటే ఆ క్షణం ఏమీ వినపడదు. పైకి జరిపేకొద్దీ నాదం సన్నబడుతుంది. ఒకటి నుంచి పదహారు దాకా నడిచి మళ్ళీ ఒకటికి వస్తుంది. నేను ఎడమచేత్తో ఒకే పట్టు పట్టి కుడిచేత్తో గీస్తూ కూర్చుంటే చాలు, అవతల వాఁవ్, కుఁయ్, డుబ్, వాఁవ్ అని దానంతటది తాళం వేస్తుంది. పెళ్ళిళ్ళలో దీనికి జనం చిందులు వేసేవారు. ఇక్కడ ఉప్పు పెచ్చులు వేస్తాయి.

ఎందుకంటే ప్రతి గొట్టానికీ దాన్ని కదిలించే నాదం ఒకటే ఉంటుంది. అది తగిలితే ఊగిపోతుంది, ఇంకేదీ పట్టించుకోదు. ఫిజిక్స్‌లో దీన్ని అనునాదం అంటారు. మా ఇంట్లో దీన్ని తాయారు స్వభావం అనేవాళ్ళం.

పదహారు గొట్టాలు, పదహారు ఇళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో గొట్టం, ఒక్కో మీట. మాది ఏడోది.

నారు పోసి 7వ రోజు. ఉప్పు 540.

సరంగు నూకరాజు వచ్చాడు. తెప్పను లంగరు మీద నిలిపే బాధ్యత, మనుషులను ఒకరి మీద ఒకరు పడకుండా నిలిపే బాధ్యత రెండూ అతనివే. ఒకప్పుడు నా స్టూడెంటు. ఫిజిక్స్ రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ పేపరు దిద్దింది నేనే. ఇప్పటికీ నా ముందు కుర్చీలో కూర్చోడు, మూడోసారి దిద్దుతానేమోనని.

"మామ్మగారండి, ఒంట్లో బాగుందాండి?"

"బాగానే ఉంది."

"వాయింపు బాగుందాండి?"

"చెవులు నీకూ ఉన్నాయిగా."

"ఆయ్, ఇనపడతందండి. సుబ్బరంగా ఇనపడతంది." కాసేపు తల గోక్కున్నాడు. "ఒక్క సోటే ఇనపడ్డంలేదండి."

"ఎక్కడ?"

"ఆరు తర్వాతండి. అంటే, ఎనిమిది రాకముందండి."

"ఏడు అనడానికి నోరు తిరగదా నీకు?"

"తిరుగుద్దండి. మీరు బాధపడతారనండి."

"ఆ మీట తుప్పు పట్టింది నూకరాజూ."

"తుప్పేనాండి?"

"తుప్పే."

"నూనె పంపమంటారేటండి?"

"నా దగ్గర లేదని చెప్పానా?"

"లేదండి. మరి ఉంటానండి" అన్నాడు. అంటూనే మరో పావుగంట నిలబడి, గాలి పడమటికి తిరిగిందనీ, చేపలు సన్నబడ్డాయనీ చెప్పి వెళ్ళాడు.

అతను చెప్పలేకపోయినది నేను రాస్తాను. ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటి మీటను పదకొండు రోజులు కిందికి లాగి ఉంచడం మా తెప్ప ఆచారం. మొదలుపెట్టింది తాయారే, పదో ఇంట్లో పసిపిల్ల పోయినప్పుడు. వాయింపు తెప్ప అడుగు ఇనుములోంచి అందరి అరికాళ్ళకూ తగులుతుంది. రోజూ తగిలే చోట ఒక్క దెబ్బ తగలకపోతే వల కుట్టేవాళ్ళు, పిండి రుబ్బేవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే ఆ మనిషిని తలుచుకుంటారు. పన్నెండో రోజు ఆ ఇంటి పెద్ద వచ్చి తన చేత్తో మీట పైకి జరపాలి. వేరే ఇంటివాళ్ళు ఆ మీటను కానీ గొట్టాన్ని కానీ అంతదాకా తాకకూడదు. తాకితే, మీ వాళ్ళ కోసం ఆగింది చాల్లే అన్నట్టు. పదకొండు రోజుల పెచ్చును గొట్టం ఓర్చుకుంటుందని లెక్క కట్టి ఇచ్చింది నేను. పదిహేను దాకా నెట్టుకురావచ్చు.

తాయారు పోయి ఇవాళ్టికి ముప్ఫై నాలుగు రోజులు. ఏడో ఇంట్లో పెద్దను నేను. చిన్నను కూడా నేనే. ఇంకెవరూ లేరు.

నారు పోసి 9వ రోజు. ఉప్పు 610.

మూడో తెప్ప నుంచి మా అమ్మాయి రేడియోలో మాట్లాడింది. అది అక్కడ నర్సు. నా వేళ్ళ సంగతి అడిగింది. చక్కెర జబ్బుకు ఎడమచేతి వేళ్ళ కొసల్లో స్పర్శ పోయి రెండేళ్ళయింది. తీగ నొక్కానో లేదో కళ్ళతో చూసి తెలుసుకుంటాను. ఈ నెల కుడిచెయ్యి కూడా అదే దారి పట్టింది.

"మంటగా ఉందా అమ్మా? పోట్లా?"

"ఏమీ లేదు."

"సూదులు గుచ్చినట్టు?"

"ఏమీ లేదన్నానుగా."

"ఏమీ లేకపోవడమే జబ్బు" అంది. కాసేపు గరగరమంది రేడియో. "అత్త పోయాక ఏడ్చావా?"

"అదీ అంతే. ఏమీ లేదు."

మందులు పంపుతానంది. వేళ్ళకు.

తాయారూ నేనూ ఒక కప్పు కింద నలభై ఒక్కేళ్ళున్నాం. అందులో ఆయన ఉన్నవి పదమూడు. మిగతావన్నీ మేమిద్దరమే. భర్త పోతే ఏం చెయ్యాలో పదిమంది వచ్చి చెప్పారు. ఎక్కడ కూర్చోవాలో, ఏం తినకూడదో, ఎప్పుడు ఏడవాలో అన్నీ. ఆడపడుచు పోతే వదినకు విధులేమీ లేవు. ఎవరికి పుట్టిన సందేహమో పాపం, "మీకు మైల ఎన్ని రోజులండీ?" అని అడిగి, జవాబు తోచక వాళ్ళే వెళ్ళిపోయారు. నేను గిన్నెలు తోముకున్నాను. ఆ రోజూ పొద్దున వాయించాను.

మేం ప్రేమగా ఉన్నామని ఎవరైనా అంటే తాయారే మొదట నవ్వేది. రోజూ వాదనే. ఒక్క గ్లాసు మీదే ముప్ఫై ఏళ్ళు వాదించుకున్నాం. నేను వాయిస్తున్నంతసేపూ అది పంపు గదిలో ఏడో గొట్టం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి గొట్టం మీద పెట్టేది. తాగేది కాదు.

"తాగని నీళ్ళు ఎందుకే? ఎంగిలి గ్లాసు గొట్టం మీద పెట్టకు, మచ్చ పడుతుంది" అంటే "నువ్వు వాయించు వదినా" అనేది.

మచ్చ పడింది. గుండ్రంగా, గారె అంత. వారానికోసారి కొబ్బరిపీచుతో రుద్దేదాన్ని. పోలేదు. గ్లాసు ఇంకా ఆ ముక్కాలిపీట మీదే ఉంది. తోమలేదు.

నారు పోసి 11వ రోజు. ఉప్పు 750.

హేల వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నా ముందు చెయ్యి చాపింది. అరచేతిలో నాలుగు నారు మొలకలు. కొసలు గోరింట పెట్టుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా తొమ్మిది వందలు దాటలేదే" అన్నాను.

"నారు నీ పుస్తకం చదవదు అమ్మమ్మా."

ఆ మాట నా పోలిక.

"మీట పైకి జరపలేదు నువ్వు" అంది.

"తుప్పు పట్టింది."

"తుప్పు పడితే నూనె పోసేదానివి. నూనెకు కదలకపోతే సుత్తి తీసేదానివి. సుత్తికి కదలకపోతే సరంగు గారిని తిట్టేదానివి. ముప్ఫై ఎనిమిది రోజులుగా ఎవర్నీ తిట్టలేదు నువ్వు."

"వయసొచ్చింది."

"ఊళ్ళో అందరూ నీళ్ళు తాగి మొహాలు ముడుచుకుంటున్నారు. ఒక్కళ్ళూ నోరు విప్పట్లేదు. మామ్మగారింట్లో మైల తీరలేదు అనుకుంటున్నారు. నా మడి మాడిపోతే ఈ ఏడు బియ్యం లేవు, వచ్చే ఏడు విత్తనం లేదు. ఎవరూ అడగరు కాబట్టి నేనే అడుగుతున్నా. నీకేమయింది?"

నాకు తెలిసింది చెప్పాను. వాయిస్తున్నప్పుడు ఆరు దాటాక అరికాలి కింద ఏమీ ఉండదు. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేకపోయినట్టుంటుంది. నా కాళ్ళూ చేతులూ ఏదీ సరిగ్గా పట్టడం లేదు. ఆ ఒక్క ఖాళీ మాత్రం తెలుస్తోంది. తాయారు పోయిన పన్నెండో రోజున మీట మీద వేలు పెట్టాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. తర్వాత రోజూ అదే అనుకున్నాను. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

హేల మొలకలను నా బల్ల మీద, ఈ పుస్తకం పక్కనే పెట్టింది.

"రేపు అనేది నీకు ఎన్ని రోజులుందో నాకు తెలియదు. నారుకు మూడే" అని వెళ్ళిపోయింది.

2వ రోజున కారణం తుప్పు అని రాశాను. తుప్పు లేదు. మీట వెన్నలా కదులుతుంది.

నారు పోసి 12వ రోజు. ఉప్పు 820.

పొద్దున ఏడింటికి ఏడో మీట పైకి జరిపాను.

ఆచారం ప్రకారం ఇంటివాళ్ళు పసుపు కుంకుమ పెట్టి, పేరు తలచి జరుపుతారు. నేను వేలితో తోశాను. గీయడం మొదలుపెట్టాక పదహారూ నిండాయి. బయట వలల దగ్గరున్నవాళ్ళు ఒక్కసారిగా మాటలు ఆపారని తర్వాత హేల చెప్పింది. నాకు ఏమీ అనిపించలేదు. మెట్టు ఉంది, అంతే.

ఎనిమిదిన్నరకు గొట్టాల కింద పెచ్చులు పడే జల్లెడ తీసి చూశాను. పదిహేను గొట్టాల పెచ్చులు రాలాయి. ఏడోది చెక్కు చెదరలేదు.

జరగాల్సిందే. మిగతా మీటల పక్కన ఎంత ఎత్తుకు జరపాలో తెలిసేలా ఆయా ఇళ్ళవాళ్ళు సున్నం చుక్కలు పెట్టుకున్నారు. ఏడో మీట పక్కన చుక్క లేదు. మాది అతుకుల గొట్టం. ఎండకు ఒక ఎత్తున పలుకుతుంది, వానకు ఒక ఎత్తున. తాయారు రోజూ కాస్త అటూ ఇటూ జరిపేది. "చుక్క పెట్టవే, నేను గుర్తుంచుకోలేను" అంటే "నేనున్నాగా" అనేది. శాస్త్రం చదువుకున్నదాన్ని, ఆ జవాబును ఒప్పుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టాను. మీటను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ గొట్టం మీద అరచెయ్యి వేసి చూశాను. నా అరచేతికి గొట్టమూ ఒకటే, గోడా ఒకటే. మీట పైకి జరిపేశాం కాబట్టి ఇప్పుడు ఎవరైనా తాకవచ్చు. హేలను పిలిచాను. తనూ చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

"అన్నీ కలిసి వణుకుతున్నాయి అమ్మమ్మా. ఇది ఏడోదో పక్కదో తెలియట్లేదు."

"మరి తాయారుకు ఎలా తెలిసింది?"

"నువ్వు అడగలేదా ఎప్పుడూ?"

అడగలేదు. అది రోజూ కళ్ళ ముందు కూర్చుని చేస్తున్న పనిని ఒక్కసారి కూడా ఎలా అని అడగలేదు. గ్లాసు తియ్యమని మాత్రం రోజూ అడిగాను.

చీకటి పడేదాకా వాయించాం. ఒక్క పెచ్చు రాలలేదు.

నారు పోసి 13వ రోజు. ఉప్పు 880.

నూకరాజు చంకలో ఒక రికార్డరు పెట్టుకుని వచ్చాడు. వెనకాలే అయిదారుగురు, ఊరికే అటుగా వచ్చినట్టు మొహాలు పెట్టుకుని.

"మామ్మగారండి, తప్పయితే సెమించాలండి. పోయినేడు మా పిల్ల పెళ్ళికండి, బాజాలు లేవు కదండి, మీ వాయింపు గుట్టుగా రికార్డు సేసుకున్నానండి."

"నీళ్ళు శుద్ధి చేసే మోతకు పెళ్ళి చేశావా?"

"జనం బానే ఎగిరారండి. ఇందులో ఏడో దెబ్బ ఉందండి. తాయారమ్మగారు సరిసేసి పెట్టిందండి. ఇది పలక్కి తగిలించి ఇనిపిత్తే పెచ్చు రాలిపోద్దేమోనని."

ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పినవాడి ఆలోచన. పోయిన ఏటి చలిరోజు ఎత్తు ఈ ఎండకు పనికిరాదు. పైగా ఆ రికార్డరుకు గొట్టాన్ని కదిలించే బలం లేదు. అయినా తగిలించనిచ్చాను. మడిలో నారు ఉండగా వద్దు అనే స్థితిలో నేను లేను.

వాఁవ్, కుఁయ్, డుబ్. పోయిన ఏటి నా చెయ్యి నాకంటే బాగా వాయిస్తోంది. అందరూ జల్లెడలోకి తొంగి చూస్తున్నారు. ఏమీ రాలలేదు. అయిదు నిమిషాలు గడిచాక రికార్డరులో వాయింపు ఆగింది. నేను తీగ సరిచేసుకుంటున్న చప్పుడు. ఆ వెనక తాయారు గొంతు:

"ఆగు వదినా. పువ్వు ఇంకా విచ్చుకోలేదు. కాస్త పైకి జరపనీ."

తర్వాత నా గొంతు. "ముందా ఎంగిలి గ్లాసు తియ్యవే గొట్టం మీంచి. సర్వర్ సుందరమ్మా."

"ఇది ఎంగిలిది కాదు. నువ్వు వాయించు. ఆఁ, అదీ. వచ్చింది చూడు."

"ఏం వచ్చింది?"

"నీకెందుకు? నువ్వు వాయించు."

మళ్ళీ వాఁవ్, కుఁయ్, డుబ్.

నూకరాజు కంగారుగా రికార్డరు ఆపబోయాడు. గోడకు ఆనుకున్నవాళ్ళలో ఎవరికో నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకున్నారు. అందరూ నా మొహం చూస్తున్నారు. ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూశారు కాబోలు. నేను ముక్కాలిపీట దగ్గరికి వెళ్ళి గ్లాసు తీసుకున్నాను. అడుగున నీళ్ళు ఎండి తెల్లటి చార పడి ఉంది.

"హేలా, దీని నిండా నీళ్ళు పట్టుకురా. తోమకు."

గొట్టం మీద, మచ్చ ఉన్న చోట గ్లాసు పెట్టాను. అడుగు అంచు మచ్చలో కూర్చుంది. ముప్ఫై ఏళ్ళు నేను రుద్దిన చోట.

గిటారు మెడలో వేసుకున్నాను. ఎడమచేత్తో పట్టు పట్టి, పట్టిందో లేదో చూసుకుని, గీయడం మొదలుపెట్టాను. మీట జరపమని హేలకు చెప్పాను. నూకరాజును గ్లాసు దగ్గర కూర్చోబెట్టాను.

"ఏం సూడాలండి?"

"నీళ్ళు చూడు. పేపరులో రాయక్కర్లేదు, చూసింది చెప్పు."

"నీళ్ళేనండి. ఊరికే జిలజిలమంటన్నాయండి."

"ఇంకా పైకి" అన్నాను. హేల జరిపింది. వెంట్రుకవాసి. మళ్ళీ వెంట్రుకవాసి.

"అంతేనండి. ఏం మారలేదండి." గ్లాసు మీదికి వంగి, "మామ్మగారండి" అన్నాడు.

"చెప్పు."

"ఏడో దెబ్బ పడ్డప్పుడల్లా ఓ గీత లేత్తందండి. గుండ్రంగా. ఇప్పుడు రెండండి. మధ్యలోంచి రేకల్లాగా..." అని ఆగిపోయాడు. "పువ్వేనండి. మీరే సూడండి."

వాయించడం ఆపితే పోతుంది కాబట్టి, గీస్తూనే గ్లాసు దాకా నడిచాను. వైరు అంత దూరం సరిపోయింది. ఒకటి నుంచి ఆరు దాకా నీళ్ళు అలా వణుకుతూ ఉన్నాయి. ఏడు పడగానే గ్లాసు నడుమ ఎనిమిది రేకలు నిలబడ్డాయి. ఎనిమిదో దెబ్బకు పోయాయి. మళ్ళీ తిరిగి వచ్చేదాకా పదహారు లెక్కపెట్టాను. మళ్ళీ నిలబడ్డాయి.

నా చేతులకు ఏమీ తెలియలేదు. కాళ్ళకూ తెలియలేదు. గ్లాసుకు తెలిసింది.

మొదటి పెచ్చు రాలినప్పుడు పలక మీద పెంకు పడ్డట్టు చప్పుడైంది. తర్వాత అవి ఆగకుండా రాలాయి. నలభై రోజుల పెచ్చు, వేలి మందాన ఉంది. జల్లెడ మూడుసార్లు నిండింది, మూడుసార్లూ నూకరాజే మోసి బయట పోశాడు. సాయంత్రం దాకా వాయించాను. చూపుడువేలు తెగిందని తీగ ఎర్రబడ్డాక తెలిసింది.

నారు పోసి 14వ రోజు. ఉప్పు 910.

తొట్టిలో ఉన్న పాత నీళ్ళు పోయేదాకా అంకె తగ్గదు. ఇది నాకు తెలుసు, హేలకు తెలుసు, నారుకు తెలియదు. ఉన్న మంచినీళ్ళ కుండలన్నీ పదహారు ఇళ్ళవాళ్ళూ తెచ్చి మడి దగ్గర పెట్టారు. ఎవరూ పిలవలేదు. వాళ్ళు తాగడానికి తొట్టి నీళ్ళే పట్టుకెళ్ళారు, గొణుక్కుంటూ.

ఉదయం వాయించాను. మీట నిన్నటి కంటే కాస్త కింద ఉండగానే పువ్వు వచ్చింది. మబ్బు పట్టింది కదా.

నారు పోసి 17వ రోజు. ఉప్పు 560.

హేల మడి అంతా తిరిగి చూసి వచ్చింది. దక్షిణం వైపు మూడో వంతు పోయింది. మిగతాది లేచింది.

"నా వల్లే" అన్నాను.

"అవును" అంది. పీట లాక్కుని కూర్చుంది. "ఈ ఏడు గంజి పల్చగా తాగుతాం. వచ్చే ఏడు సగం విత్తనం దాచుకుంటాను."

"మంచిది. నన్ను నమ్మకు."

"నిన్నెవరు నమ్ముతారు? గ్లాసును నమ్ముతా."

నూకరాజు ఆ రికార్డింగు నాకు ఇచ్చేస్తానన్నాడు. వద్దన్నాను. మనవల పెళ్ళిళ్ళకు దాచుకోమన్నాను. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఏడుకి సున్నం సుక్క పెట్టమంటారేటండి? మరిసిపోకుండా."

వద్దనే చెప్పాను. అతనికి ఎందుకో అర్థమైందో లేదో తెలియదు. నా తర్వాత వచ్చేవాళ్ళకు అర్థం కావడానికి ఇక్కడ రాస్తున్నాను. ఇది నీటి సంగతే కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

ఏడో మీటకు చుక్క లేదు. పెట్టినా అది మర్నాటికే అబద్ధమవుతుంది. పంపు గదిలో ఏడో గొట్టం మీద గారె అంత గుండ్రటి మచ్చ ఉంటుంది. రోజూ పొద్దున స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, అడుగు అంచు మచ్చలో కూర్చునేలా పెట్టండి. వాయిస్తూ మీట జరపండి. పువ్వు విచ్చుకున్న చోట ఆపండి. పక్కన ముక్కాలిపీట మీద ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. వాళ్ళు ఏం చూస్తున్నారో వాయించేవాళ్ళు అడగాలి.

గ్లాసులో నీళ్ళు తాగకండి. మచ్చను పీచుతో రుద్దకండి.